వంపు గట్టూ – రేడియనూ

ఇంటర్ మొదటి ఏడు త్రికోణమితి మొదలుపెట్టిన రోజున బోర్డు మీద రాసిన వాక్యం మనలో చాలామందికి ఇప్పటికీ నోటికి వచ్చు. వృత్తంలో వ్యాసార్ధానికి సమానమైన చాపం కేంద్రం వద్ద చేసే కోణమే ఒక రేడియను. దాని కింద ఇంకో లైను: ఒక రేడియను అంటే 57 డిగ్రీల 17 నిమిషాల 45 సెకన్లు. ఆ రెండూ బట్టీ పట్టాం. డిగ్రీల్ని రేడియన్లలోకి మార్చే లెక్కలు ఓ ఇరవై చేశాం. మార్కులు వచ్చాయి. 360 డిగ్రీలు చక్కగా ఉండగా, ఎటూ తెగని ఈ 57 చిల్లర కొలత ఎవరికి కావలసి వచ్చిందో మాత్రం తెలియలేదు. అడిగితే ఏమనుకుంటారోనని అడగనూ లేదు.

నాకు అది తెలిసింది క్లాసులో కాదు, సెలవుల్లో మా కాలవ గట్టు మీద.

మా ఊళ్ళో పంటకాలవ ఒకచోట విల్లులాగా వంగుతుంది. ఆ వంపుకి లోపలివైపు, గట్టుని ఆనుకుని మాకొక చెక్క ఉంది. దాని బయటి గట్టు కాలవతోపాటు వంగుతుంది. లోపలి గట్టు కూడా దాని నుంచి ఒకే ఎడంలో అలాగే వంగి ఉంటుంది. దాని అవతల పొరుగువారి చేను. రెండు చివర్లా అడ్డగట్లు మాత్రం తిన్నగా ఉంటాయి. విరిగిన గాజు ముక్కని నేల మీద పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుందన్నమాట. ఇంట్లో దాన్ని వంపుచెక్క అంటాం.

నేను పుట్టకముందు తాతయ్య పొలం పంచినప్పుడు వంపుచెక్క నాన్నకి వచ్చింది. దానికి సరిసమానంగా రోడ్డు పక్కనున్న చదరపు చెక్క పెదనాన్నకి ఇచ్చారు. రెండూ 97 సెంట్ల చొప్పున అని పెద్దమనుషుల ముందు రాసుకున్న కాగితం. ‘‘వంపుచెక్క చూపుకే పెద్దది కదా, సమానం ఎలా అవుద్ది?’’ అని పెదనాన్న ఆ రోజే అన్నాడట. ‘‘గొలుసు అబద్ధం చెప్పదన్నయ్యా’’ అని నాన్న. ఆ ఒక్క మాట మీద కొన్నేళ్ళు రెండిళ్ళ మధ్య రాకపోకలు లేవు. ఇప్పుడు మాట్లాడుకుంటున్నారు గానీ, ఆ చెక్క ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

ఆ రోజు ఎలా కొలిచారో నాన్నని అడిగి తెలుసుకున్నాను. మూల రాయి నుంచి మూల రాయికి గొలుసు లాగారు. ఎదురెదురు పక్కలు రెండేసి కూడి సగం చేసి, ఆ రెండు సగట్లనీ గుణించారు. పల్లెటూళ్ళలో పొలం కొలిచే పద్ధతి చాలాచోట్ల ఇదే. నేనూ అలాగే కొలిచి చూశాను. కాలవ వైపు 436 అడుగులు, లోపలి వైపు 273 అడుగులు, అడ్డగట్లు రెండూ 120 అడుగులు. సగటు 354½, దాన్ని 120తో గుణిస్తే 42,540 చదరపు అడుగులు. సెంటుకి 435.6 చదరపు అడుగులు కాబట్టి 97 సెంట్ల పైచిలుకు. కాగితంలో ఉన్నది సరిగ్గా అదే.

గొలుసు అబద్ధం చెప్పలేదు గానీ, దాన్ని లాగిన చోటులోనే తిరకాసు ఉంది. రెండు రాళ్ళ మధ్య తిన్నగా లాగారు. గట్టు అలా లేదు. విల్లు పొడవు కావలసినచోట అల్లెతాటి పొడవు తీసుకున్నారు. మన లెక్కల పుస్తకంలో పేర్లు కూడా ఇవే. చాపమంటే విల్లు, జ్యా అంటే అల్లెతాడు. ఈ పేర్లని ఎన్నోసార్లు చదివాను గానీ, వాటికి అర్థం ఉందని అప్పటిదాకా తోచలేదు.

అందుకని ఈసారి గట్టు వెంబడే కొలిచాను. నులకతాడు సాగుతుంది, పనికిరాదు. టేపుతో పదేసి అడుగులకి ఒక పుల్ల గుచ్చుకుంటూ పోయాను. పది అడుగుల ముక్కలో వంపుకీ తిన్నని గీతకీ తేడా అర మిల్లీమీటరు కూడా ఉండదు, కాబట్టి అది గట్టు పొడవేనని ధైర్యంగా చెప్పవచ్చు. కాలవ గట్టు 480 అడుగులు వచ్చింది. లోపలి గట్టు 300. సగటు 390, వెడల్పు 120, వెరసి 46,800 చదరపు అడుగులు. అంటే 107 సెంట్ల పైన. కాగితంలో ఉన్నదానికంటే దాదాపు పది సెంట్లు ఎక్కువ!

మొదట నాకు నమ్మకం కలగలేదు. సగటు తీసి గుణించటం తిన్నటి గట్లున్న చేనుకి సరే, వంగిన చేనుకి చెల్లుతుందా? చెల్లుతుంది. దానికి కారణం వెతుకుతుంటేనే రేడియను ఎదురుపడింది.

లోపలి గట్టు నుంచి మొదలుపెట్టి, దాని వంపు వెంటే అడుగు వెడల్పున చాళ్ళు వేస్తున్నామనుకోండి. గట్టుని ఆనుకున్న గీత 300 అడుగులు. కాలవ దగ్గరికి చేరేసరికి 480. అంటే 120 అడుగులు బయటికి జరిగినందుకు పొడవు 180 అడుగులు పెరిగింది. ఇదేమీ ఒకచోట గభాలున పెరగదు. అడుగు జరిగితే అడుగున్నర చొప్పున, ఎక్కడ చూసినా ఒకే లెక్కన పెరుగుతుంది. కాబట్టి చాళ్ళ పొడవులు ఒక అంకశ్రేఢి అవుతాయి. శ్రేఢి మొత్తం కట్టటం మనకి తెలిసిందే. మొదటిదీ చివరిదీ కూడి సగం చేసి, ఎన్ని చాళ్ళున్నాయో దానితో గుణించటమే. ఊళ్ళో వాళ్ళ పద్ధతి అదే కదా! పద్ధతిలో తప్పు లేదు. పొడవులు గట్టు వెంట తియ్యాలి, అంతే.

ఇక ఆ అడుగున్నర సంగతి. 180ని 120తో భాగిస్తే 1.5 వచ్చింది. అడుగుల్ని అడుగులతో భాగించాం కాబట్టి అడుగులు కొట్టుకుపోయి ఉత్త సంఖ్య మిగిలింది. అది దేన్ని చెబుతోంది? రెండు అడ్డగట్లనీ లోపలికి పొడిగించుకుంటూ పోతే పొరుగువారి చేలో ఎక్కడో కలుస్తాయి. అక్కడ అవి చేసే కోణాన్ని చెబుతోంది. ఆ కోణం 1.5 రేడియన్లు. నేను పొరుగు చేలో అడుగు పెట్టలేదు, కేంద్రం ఎక్కడుందో చూడలేదు, కోణమానిని తియ్యలేదు. గట్ల పొడవులూ మధ్య వెడల్పూ ఉంటే కోణం దానంతటదే వచ్చేసింది.

రేడియనంటే ఇదే. కేంద్రం నుంచి ఒక అడుగు దూరం జరిగితే చాపం ఎన్ని అడుగులు పెరుగుతుందో ఆ సంఖ్య. కేంద్రం దగ్గర చాపం సున్న. అక్కడి నుంచి వ్యాసార్ధమంత దూరం వస్తే చాపం పొడవు ఎంత? వ్యాసార్ధం × కోణం. ఇది సూత్రమని బట్టీ పట్టాం గానీ, నిజానికి ఇది రేడియనుకి నిర్వచనమే, ఇంకో వైపు నుంచి చెప్పిన మాట. వెనక్కి తిప్పి వాడితే వ్యాసార్ధం కూడా దొరుకుతుంది. 480ని 1.5తో భాగిస్తే 320 అడుగులు. లోపలి గట్టుకి 300ని భాగిస్తే 200. తేడా 120. వెడల్పుతో సరిపోయింది.

సెక్టరు వైశాల్యం కూడా ఈ చాళ్ళలోంచే వస్తుంది. సెక్టరంటే లోపలి గట్టు లేకుండా కేంద్రం దాకా పోయిన చెక్క. మొదటి చాలు పొడవు సున్న, చివరిది చాపం. సగటు చాపంలో సగం. దాన్ని వ్యాసార్ధంతో గుణిస్తే సరి. చాపం స్థానంలో వ్యాసార్ధం × కోణం పెడితే, వ్యాసార్ధం వర్గాన్ని కోణంతో గుణించి సగం చెయ్యటం అవుతుంది. త్రిభుజానికి భూమి × ఎత్తులో సగం అంటామే, దానికి ఇది తోబుట్టువు. చాపమే భూమి, వ్యాసార్ధమే ఎత్తు. మా చెక్కకి పెట్టి చూద్దాం. పెద్ద సెక్టరు 320 వర్గం × 1.5లో సగం, 76,800. చిన్నది 200 వర్గం × 1.5లో సగం, 30,000. తీసేస్తే 46,800. రెండు దారుల్లోనూ ఒకే జవాబు.

చిన్న ఉదాహరణ ఇంకొకటి. చుట్టూ కంచె ఉన్న దొడ్డి మూలన గుంజకి గేదెని 20 అడుగుల పలుపుతో కట్టాం. అది మేసే చోటు ఒక సెక్టరు. మూల లంబకోణం కాబట్టి కోణం పైలో సగం, 1.5708. గేదె పలుపు బిగపట్టుకుని ఈ కంచె నుంచి ఆ కంచె దాకా నడిస్తే 31.4 అడుగులు. మేసే చోటు 314 చదరపు అడుగులు. పలుపు రెట్టింపు చేస్తే నడక రెట్టింపే, మేత మాత్రం నాలుగు రెట్లు. ఇది గేదెకి మనకంటే ముందే తెలుసేమో, పలుపు తెంచుకోవటానికి అంత తాపత్రయపడుతుంది.

మరి డిగ్రీలతో చెయ్యలేమా? భేషుగ్గా చెయ్యవచ్చు. కోణాన్ని 360తో భాగించి, మొత్తం పరిధితోనో మొత్తం వైశాల్యంతోనో గుణించాలి. మా చెక్క కోణం దాదాపు 86 డిగ్రీలు. అలా చేసినా 480 అడుగులే వస్తుంది. కాకపోతే 360 అనేది వృత్తంలో పుట్టిన సంఖ్య కాదు. అరవైలతో లెక్కించే బాబిలోనియా వారి నుంచి వచ్చిన అలవాటు. బయటి సంఖ్యని లెక్కలోకి పిలిచాక, దాన్ని సాగనంపటానికి పై బై 180 అనే గుణకాన్ని ప్రతిచోటా మోసుకు తిరగాలి. అవకలనంలో చూడండి. సైన్ అవకలజం కొసైన్ అంటాం. అది రేడియన్లలో ఉంటేనే నిజం. డిగ్రీల్లో పెడితే పక్కన పై బై 180 వచ్చి కూర్చుంటుంది. రెండోసారి అవకలనం చేస్తే దాని వర్గం. డిగ్రీలు తెలిసినవాళ్ళే అయినా గణితజ్ఞులు కలనగణితంలో రేడియన్లే వాడటానికి కారణం ఇదే తప్ప మనల్ని ఏడిపించటానికి కాదు.

ఈ సందర్భంలో నా ఘనకార్యం కూడా చెప్పాలి. గట్టు కొలతని జ్యా నుంచి సరిచూద్దామని క్యాలిక్యులేటరు తీశాను. జ్యా అంటే వ్యాసార్ధానికి రెట్టింపుని సగం కోణం సైనుతో గుణించటం. 640 × సైన్ 0.75. జవాబు 8 అడుగులు చిల్లర! 436 అడుగుల చేను ఎనిమిది అడుగులకి వచ్చేసింది. పావుగంట తల పట్టుకున్నాక తెలిసింది, అది డిగ్రీల మోడ్‌లో ఉందని. 0.75 డిగ్రీ అనుకుని సైన్ చెప్పింది పాపం. మోడ్ మార్చగానే 436 వచ్చింది. చేను కళ్ళ ముందు ఉంది కాబట్టి తప్పు పట్టుకున్నాను. పరీక్ష హాలులో అయితే ఆ ఎనిమిదే రాసి వచ్చేవాణ్ణి.

ఈ కొలతకి పెద్ద చరిత్రే ఉంది. కోణాన్ని వ్యాసార్ధంతో కొలిచే ఊహని 1714లో ఇంగ్లండుకి చెందిన రోజర్ కోట్స్ వాడాడు. పేరు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. ‘రేడియన్’ అన్న మాట మొదట అచ్చయింది ఏ గ్రంథంలోనో కాదు. 1873 జూన్ 5న బెల్‌ఫాస్టులోని క్వీన్స్ కాలేజీలో జేమ్స్ థామ్సన్ ఇచ్చిన పరీక్ష ప్రశ్నల్లో! ఆ ఏడు ఆ పరీక్ష రాసినవాళ్ళ మీద నాకు జాలి కలిగింది.

అంతకంటే పదమూడు వందల ఏళ్ళు ముందు, 499 నాటి ఆర్యభటీయంలో మన ఆర్యభటుడు చేసిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆయన జ్యా పట్టికకి వ్యాసార్ధం 3438. ఈ వింత సంఖ్య ఎక్కడిది? వృత్తం చుట్టూ 360 డిగ్రీలు, డిగ్రీకి 60 నిమిషాల చొప్పున 21,600 నిమిషాలు. పరిధిని 21,600 అనుకుంటే, ఆయనే ఇచ్చిన పై విలువ 3.1416 ప్రకారం వ్యాసార్ధం 3438 దగ్గరికి వస్తుంది. అంటే చాపాన్నీ వ్యాసార్ధాన్నీ ఒకే కొలతతో కొలిచాడు. ఇప్పుడు 57 డిగ్రీల 17 నిమిషాల 45 సెకన్లని నిమిషాల్లోకి మార్చండి. 3437 నిమిషాల 45 సెకన్లు. రేడియన్ అనే పేరు లేదు గానీ, వస్తువు అక్కడే ఉంది. వృత్త వైశాల్యానికి సగం పరిధిని సగం వ్యాసంతో గుణించమని కూడా ఆయన చెప్పాడు. చాపం × వ్యాసార్ధంలో సగం అని మనం చాళ్ళతో తెచ్చుకున్నది అదే, చాపం వృత్తమంతా చుట్టి వచ్చినప్పుడు.

బయటి చాపానికీ లోపలి చాపానికీ తేడా వెడల్పు × కోణమే అన్నది ఒకసారి పట్టుబడితే చాలాచోట్ల కనిపిస్తుంది. వెనకటికి కళ్ళంలో గుంజ చుట్టూ పశువుల్ని బంతి కట్టి నూర్చేటప్పుడు ముసలి ఎద్దుని గుంజ పక్కన, వయసులో ఉన్నదాన్ని బయట కట్టేవారని తాతయ్య చెప్పేవాడు. రెండు ఎడ్ల మధ్య మూడడుగులుంటే, చుట్టుకి దాదాపు 19 అడుగులు బయటిది ఎక్కువ నడుస్తుంది. గుంజకి దగ్గరగా ఉన్నా దూరంగా ఉన్నా అదే 19. మన క్రీడోత్సవాల్లో 400 మీటర్ల పరుగుకి లైన్లలో ఒకళ్ళకంటే ఒకళ్ళని ముందు నిలబెడతారు కదా, అదీ ఇదే లెక్క. లైను వెడల్పు 1.22 మీటర్లు. చుట్టంతా కలిపి తిరిగే కోణం 2 పై. గుణిస్తే 7.67 మీటర్లు. మూడో లైను నుంచి ఒక్కొక్కరికీ ఇంతే. రెండో లైనుకి మాత్రం 7.04. ఎందుకంటే మొదటి లైనుని లోపలి అంచు నుంచి 30 సెంటీమీటర్ల ఎడంలో, మిగతావాటిని 20 సెంటీమీటర్ల ఎడంలో కొలుస్తారు. మైదానం చిన్నదా పెద్దదా అన్నదానితో నిమిత్తం లేదు.

మళ్ళీ వంపుచెక్క దగ్గరికి వద్దాం. గట్టు అచ్చమైన వృత్తమేనా అన్నది మిగిలిన అనుమానం. విల్లుకి అల్లెతాడున్నట్టే బాణమూ ఉంది. జ్యా మధ్య నుంచి గట్టు దాకా ఉన్న దూరాన్ని శరం అంటారు. సగం జ్యా వర్గాన్ని శరంతో భాగించి, శరాన్ని కలిపితే వ్యాసం వస్తుంది. ఈ సూత్రమూ ఆర్యభటుడిదే. శరం కొలిస్తే 86 అడుగులు. 218 వర్గం 47,524. దాన్ని 86తో భాగిస్తే 552.6. దానికి 86 కలిపితే 638.6. సగం 319 చిల్లర. ఇందాక వచ్చినది 320. మట్టిగట్టుకి ఇంతకంటే ఏం కావాలి? మా లెక్చరరుగారికి చూపిస్తే ఇంకొక మాట చెప్పారు. గట్టు వృత్తం కాకపోయినా, వెడల్పు అంతటా ఒకటే ఉన్నంతవరకు ఈ సగటు పద్ధతి నిలుస్తుందట. వెళ్ళి అయిదు చోట్ల వెడల్పు కొలిచాను. అన్నీ 120కి అటూ ఇటూ ఒక జానెడు లోపే.

పెదనాన్న చెక్క కూడా కొలిచాను. దాని గట్లు తిన్నగా ఉన్నాయి. గొలుసు అక్కడ సరిగ్గానే చెప్పింది, 97 సెంట్లు.

కాగితం నాన్నకి ఇవ్వాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. లెక్క మాకు వ్యతిరేకంగా వచ్చింది. ఎవరూ అడగలేదు కూడా. చివరికి ఇచ్చాను. నాన్న చదివాడు. అంకెల జోలికి పోలేదు. మర్నాడు పొద్దున్నే తానే టేపు పట్టుకుని గట్టు వెంట నడిచాడు. నేను పుల్లలు గుచ్చాను. 480 వచ్చింది. రెండోసారి నడిచాడు. 479½.

గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించుకున్నాడు. ‘‘పదిలో సగం అయిదు’’ అన్నాడు కొంచెంసేపయ్యాక. ఇంకేమీ అనలేదు. ఇంటికి వెళ్ళే దారిలో మాత్రం, ‘‘సంక్రాంతికి పెదనాన్న వస్తాడు. అప్పుడు టేపు ఆయన చేతికిద్దాం. నువ్వు పుల్లలు గుచ్చు’’ అన్నాడు.